నిర్మాత పేరు చూసి సినిమాకెళ్ళిన రోజులు

నిర్మాత పేరు చూసి సినిమాకి వెళ్ళినవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి చూద్దాం! హీరోని చూసి వెళతాం. హీరోయిన్ని చూసి వెళతాం, దాచుకోవడం దేనికి? పాటలు బాగున్నాయంటే వెళతాం. మహా అయితే దర్శకుడెవరో కనుక్కుంటాం. నిర్మాత అంటే మన దృష్టిలో డబ్బు పెట్టేవాడు, శతదినోత్సవంలో షీల్డులు పంచేవాడు, సినిమా పోతే ఇల్లు అమ్ముకునేవాడు. అంతే!

మా తాతగారి తరం వేరు. 'విజయా వారి సినిమా' అంటే చాలు, అందులో ఎవరు వేశారు, కథేమిటి అన్న ప్రశ్నే లేదు. నాగిరెడ్డి, చక్రపాణిగార్ల పేర్లు చూసి నమ్మకంగా టిక్కెట్టు కొనేవారు. ఇంటిల్లిపాదీ హాయిగా నవ్వుకుని రావచ్చన్న నమ్మకం అది.

మా తరం కుర్రాళ్ళకి అలా దొరికిన పేరు ఒక్కటే. అయితే ఆ పేరు చూసి ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళడం కుదరదు. అది కనబడితే ఇరుకు గదులు, సగం వెలుగులో మొహాలు, ఎప్పుడు పేలుతుందో తెలియని పిస్తోలు, అన్నింటినీ మించి 'వీడు మంచివాడా చెడ్డవాడా' అని రెండు గంటలపాటు తేలని మనిషి ఒకడు గ్యారంటీ అన్నమాట. ఆ పేరు రామ్‌గోపాల్ వర్మ.

దర్శకుడు వర్మ గురించి రాసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. 1989లో వచ్చిన 'శివ'లో నాగార్జున లాగిన సైకిలు చైను గురించి ఇప్పటికి ఎన్ని టన్నుల కాగితం ఖర్చయిందో లెక్క లేదు. నేను ఆ జోలికి పోను. నా గొడవ నిర్మాత వర్మతో. ఆయన తీసిన సినిమాలకంటే, తీయించిన సినిమాలు కొన్ని నన్ను ఎక్కువగా వెంటాడాయి కనుక!

విజయవాడ వాణ్ణి కాబట్టి ఈ మాట కొంచెం గర్వంగానే చెబుతాను. వర్మ ఇంజనీరింగు చదివింది మా ఊరి పక్క కానూరులోని సిద్ధార్థ కాలేజీలో. తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటలు కడుతుంటే అక్కడ సైటు ఇంజనీరుగా పనిచేశారు. అదీ మానేసి అమీర్‌పేటలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే షాపు పెట్టారు. ఇదంతా ఆయనే 'నా ఇష్టం' పుస్తకంలో రాసుకున్నారు. క్యాసెట్ల షాపు నడిపినవాడికి ఒక విద్య అబ్బుతుంది. ఏ క్యాసెట్టు మళ్ళీ మళ్ళీ వెళుతోంది, ఏది దుమ్ము కొట్టుకుపోతోంది, జనం దేన్ని నలుగురిలో పొగిడి దేన్ని రాత్రిపూట అద్దెకు పట్టుకెళుతున్నారు అన్నది వాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నన్నడిగితే నిర్మాతకు కావలసిన చదువు అదే.

దర్శకుడిగా నిలదొక్కుకోగానే ఆయన చేసిన పని చూడండి. 1993లో 'మనీ' నిర్మించారు. దర్శకత్వం తాను చేయలేదు, తన దగ్గర పనిచేసిన శివనాగేశ్వరరావుకి ఇచ్చారు. అది నవ్వుల సినిమాయే గదా, చీకటి ఎక్కడుందీ అంటారేమో. కథ గుర్తు చేసుకోండి. డబ్బుల్లేని ఇద్దరు కుర్రాళ్ళు ఒక పెద్దింటావిడను ఎత్తుకుపోతారు. మొగుడేమో పెళ్ళాం పీడ వదిలిందని సంతోషిస్తాడు! బ్రహ్మానందం ఖాన్‌దాదా వేషానికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం గాని, జయసుధ మొగుడిగా పరేష్ రావల్ కళ్ళలో ఉన్నది మాత్రం నవ్వు కాదు.

రెండేళ్ళకి 'గులాబి' వచ్చింది. మళ్ళీ కొత్త దర్శకుడే, కృష్ణవంశీ. అప్పటి కుర్రకారంతా 'గులాబి'ని పాటల సినిమాగా గుర్తుపెట్టుకున్నారు. సునీత గొంతు, శశిప్రీతమ్ బాణీ, సిరివెన్నెల సాహిత్యం, జె.డి. చక్రవర్తి మోటారు సైకిలు... నిజమే. కాని నేను దాన్ని చిన్నప్పుడు టీవీలో చూసి రాత్రి నిద్రపోలేదు. ఆడపిల్లల్ని మాయచేసి పరాయి దేశాలకు అమ్మేసే ముఠా కథ అది. ప్రేమకథ అని కూర్చోబెట్టి తలుపు గడియ పెట్టేస్తాడు. ఆ కాలంలో తెలుగులో కొత్త దర్శకుడికి అలాంటి కథ ఎవరిచ్చి ఉండేవారు? 'బాబూ, సెంటిమెంటు పెట్టు, చెల్లెలి పెళ్ళి పెట్టు' అనకుండా ఊరుకునే నిర్మాత ఎవరు?

అసలు విషయం ఇక్కడే ఉంది. నిర్మాత గొప్పతనం చాలాసార్లు ఆయన చేసిన పనిలో కాదు, చేయకుండా ఊరుకున్న పనిలో కనబడుతుంది. హీరోని చివర్లో బతికించమని అడగకపోవడం, ఇంటర్వెల్‌కి ముందు డాన్సు కావాలనకపోవడం, మార్కెట్టున్న మొహమే కావాలని పట్టుబట్టకపోవడం... తెర మీద పేర్లు పడేటప్పుడు వీటికి చోటుండదు.

బొంబాయి వెళ్ళాక ఈ ఊరుకోవడం ఒక పద్ధతిగా మారింది. 1998 జూలైలో 'సత్య' విడుదలైంది. దానికి ఆయనే దర్శకుడు కాబట్టి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం గమనించండి. హీరో మన చక్రవర్తి. రచయితల్లో ఒకడు అనురాగ్ కశ్యప్ అనే కుర్రాడు, అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియనివాడు. భీకూ మాత్రేగా వేసిన మనోజ్ బాజ్‌పాయి సినిమా వచ్చిన వారంలో దేశమంతా తెలిసిపోయాడు, దానికి జాతీయ అవార్డు కూడా అందుకున్నాడు. మరుసటి ఏడాదే అదే మనోజ్‌ని పోలీసు ఇన్‌స్పెక్టరుగా పెట్టి 'శూల్' తీయించారు. దర్శకుడు మళ్ళీ కొత్తవాడే, ఇ. నివాస్. బీహార్‌లోని మోతీహారీ నేపథ్యం. నీతిగా ఉండబోయిన ఒక పోలీసు కుటుంబాన్ని ఊరు ఊరంతా కలిసి ఎలా నలిపేస్తుందో చూపిస్తుంది. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు దానికే దక్కింది. అందులో బచ్చూ యాదవ్‌గా వేసిన షాయాజీ షిండేని తర్వాత మనవాళ్ళు తెలుగుకి తెచ్చుకుని ఎన్ని వేషాలు వేయించుకున్నారో మీకు నేను చెప్పాలా!

(మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 2002లో వర్మ దర్శకత్వం వహించిన 'కంపెనీ' నిర్మాతల్లో మన అశ్వనీదత్‌గారు కూడా ఒకరు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి' తీసిన చేత్తో బొంబాయి మాఫియా కథలో చెయ్యి కలిపారు. ఈ సంగతి చెబితే మా మిత్రులు ఇప్పటికీ నమ్మరు.)

ఆ రోజుల్లోనే వర్మ తన సంస్థకు 'ఫ్యాక్టరీ' అని పేరు పెట్టుకున్నారు. సినిమా కళ అంటూ గొంతులు పూడుకుపోయే చోట ఆ మాట వాడడం కొంత కొంటెతనం, కొంత నిజం. నిజంగానే అది కర్మాగారంలా నడిచింది. ఒక సినిమాకి ఎడిటరుగా పనిచేసినవాడు ఇంకో సినిమాకి దర్శకుడు. ఒక దాంట్లో చిన్న గూండా ఇంకో దాంట్లో పెద్ద అధికారి. 2003లో పాటల్లేకుండా వచ్చిన 'భూత్' చూశారుగా? ఆ సినిమాని ఎడిట్ చేసింది షిమిత్ అమీన్. మర్నాటి ఏడాదికి ఆయన చేతిలో ఒక పూర్తి సినిమా పెట్టారు వర్మ. అదే 'అబ్ తక్ ఛప్పన్'.

2004 సంవత్సరం గురించి కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి. నా దృష్టిలో నిర్మాత వర్మకు అదే నడి మధ్యాహ్నం. జనవరిలో 'ఏక్ హసీనా థీ', ఫిబ్రవరిలో 'అబ్ తక్ ఛప్పన్'. నెలన్నర తేడాలో రెండు సినిమాలు, ఇద్దరు కొత్త దర్శకులు.

అప్పుడు నాది డిగ్రీ మొదటి సంవత్సరం. పటమటలో మా మిత్రుడి గదిలో వీసీడీ ప్లేయరు ఉండేది. సినిమాకి రెండు డిస్కులు. కథ మంచి పట్టులో ఉండగా మొదటి డిస్కు అయిపోయేది. ఎవడు లేచి మార్చాలన్న దాని మీద చిన్న యుద్ధం. అద్దె షాపులో మేము అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, వర్మ ఫ్యాక్టరీది కొత్తదేమైనా వచ్చిందా?" దర్శకుడి పేరు మాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. విజయా వారి సినిమాకి మా తాతగారు ఎలా వెళ్ళారో, మేమూ అలాగే అద్దెకు తెచ్చుకున్నాం.

'ఏక్ హసీనా థీ' దర్శకుడు శ్రీరామ్ రాఘవన్. పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, బొంబాయిని గడగడలాడించిన హంతకుడు రామన్ రాఘవ్ మీద ఒక చిన్న చిత్రం తీసి, ఏళ్ళ తరబడి పెద్ద అవకాశం కోసం ఎదురుచూసిన మనిషి. కథ పైకి చాలా మామూలు. ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసే సారిక అనే అమ్మాయిని కరణ్ అనే అందగాడు ప్రేమిస్తాడు. నమ్మిన పాపానికి ఆమె జైలు పాలవుతుంది. అక్కణ్ణించి ఊర్మిళ మొహం మారుతూ వస్తుంది చూడండి... జుట్టు కురచవుతుంది, కళ్ళు చిన్నవవుతాయి, భయం ఒక్కొక్క పొరగా ఊడిపోతుంది. మొదట ఎలుకను చూసి కెవ్వున అరిచిన పిల్ల, చివరికి ఎలుకలనే ఆయుధం చేసుకుంటుంది. ఎలా అన్నది చెప్పను, చూడనివాళ్ళు ఉంటే నన్ను తిట్టుకుంటారు. సైఫ్ అలీఖాన్‌ని అప్పటిదాకా సరదా కుర్రాడిగానే చూశాం. ఆ నవ్వునే అలాగే ఉంచి, వెనకాల విషం పోశారు.

ఆ రాత్రి మా గదిలో డిస్కు ఆగాక ఎవరూ మాట్లాడలేదు. లైటు వేయడానికి కూడా ఎవడూ లేవలేదు.

'అబ్ తక్ ఛప్పన్' ఇంకో రకం. పేరుకర్థం 'ఇప్పటికి యాభై ఆరు'. బొంబాయి పోలీసు ఇన్‌స్పెక్టరు సాధూ అగాషే ఎన్‌కౌంటర్లలో చంపినవారి లెక్క. నానా పటేకర్ వేశారు. నానా అనగానే కేకలు, పొడుగాటి ఉపన్యాసాలు అనుకుంటాం గదా? ఇందులో గొంతు పెంచడు. టీ తాగుతూ, ఫైలు తిరగేస్తూ, ఫోనులో దాదాతో చుట్టపు చూపుగా మాట్లాడుతూ, మధ్యలో వెళ్ళి మనిషిని కాల్చి వస్తాడు. బ్యాంకు గుమాస్తా చెక్కుల మీద ముద్రలు కొట్టినట్టే! పాటల్లేవు. పోలీసు డిపార్టుమెంటులోని అసూయలు, పై అధికారి మారగానే కింద గాలి ఎటు తిరుగుతుందన్నది, ఇంటి దగ్గర భార్యగా రేవతి... ఇంతే సినిమా. కొత్త పోలీసు కమిషనరుగా వేసింది మన జీవా. 'గులాబి'లో విలన్‌గా భయపెట్టిన ఆ మనిషే, అదే నిర్మాత సినిమాలో, పాతికమంది గూండాలకంటే ప్రమాదకరమైన పెద్ద కుర్చీలో కూర్చున్నాడు.

ఒక సంగతి గమనించాను. వర్మ స్వయంగా దర్శకత్వం వహిస్తే కెమెరా కుదురుగా ఉండదు. టేబులు కింద దూరుతుంది, మెట్ల మీద పరిగెడుతుంది, 'నన్ను చూడు' అంటుంది. ఈ రెండు సినిమాల్లోనూ అది పెద్దమనిషిలా కూర్చుని చూస్తుంది. తన ముద్ర లేకుండానే తన సంతకం ఉన్న సినిమాలు. నిర్మాత అంటే ఇలాగే ఉండాలని నేను అప్పుడే నిర్ణయించేసుకున్నాను.

తర్వాతి కథ క్లుప్తంగా చెబుతాను, మీకూ తెలిసిందే. 2005లో దర్శకుడిగా ఆయనకు 'సర్కార్' విజయం. నిర్మాతగా 'డి', 'జేమ్స్', 'మై వైఫ్స్ మర్డర్' వరుసగా వచ్చాయి. ఈ చివరిది మన తెలుగు 'మధ్యాహ్నం హత్య'కి హిందీ రూపం. సంఖ్య పెరిగింది, పదును తగ్గింది. 2007లో 'షోలే'ని మళ్ళీ తీసి 'ఆగ్' అన్నారు, అందులో ఏం కాలిందో అందరూ చూశారు. అప్పటినుంచి ఫ్యాక్టరీ పేరు చూసి డిస్కు అడగడం మేమే మానేశాం. గొడవ ఎక్కడొచ్చిందంటే, నా ఉద్దేశంలో, కొత్తవాళ్ళని నమ్మడమూ కొత్తవాళ్ళని వాడుకోవడమూ బయటనుంచి చూస్తే ఒక్కలాగే కనబడతాయి. సినిమా తయారయ్యాకే ఏది ఏదో తేలుతుంది.

కాని ఆయన తలుపు తీసి లోపలికి పిలిచినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో చూడండి. షిమిత్ అమీన్ 2007లో 'చక్ దే ఇండియా' తీశాడు. కశ్యప్ 'బ్లాక్ ఫ్రైడే', 'గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్' తీశాడు. శ్రీరామ్ రాఘవన్ 2018లో తీసిన 'అంధాధున్' ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. 2021లో మన నితిన్ 'మాస్ట్రో' అని తెలుగులో చేసింది దాన్నే. ఇక కృష్ణవంశీ సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

ఇంతవరకు నిర్మాతని పొగిడాను. ఒక ముల్లు మాత్రం ఇన్నేళ్ళుగా గుచ్చుకుంటూనే ఉంది, అదీ చెప్పేస్తాను.

'అబ్ తక్ ఛప్పన్' చూసిన రాత్రి, సాధూ అగాషే మొదటి మనిషిని కాల్చినప్పుడు, పటమట గదిలో మేమంతా ఈల వేశాం. సినిమా మమ్మల్ని ఈల వేయమనలేదు. నానా మొహంలో విజయం లేదు, వెనక మోగే డప్పు లేదు. అయినా వేశాం. ఆ గది ఎవరిదో ఆ మిత్రుడు తర్వాత పరీక్ష రాసి ఎస్.ఐ. అయ్యాడు. ఆ సినిమా చూసి పోలీసయ్యాడని నేననను. వాళ్ళ నాన్నగారు హెడ్డు కానిస్టేబులు, ఇంట్లో ఖాకీ కొత్త కాదు. నేనేమో పత్రికల్లో చేరి, ఉద్యోగం వదిలి, ఇలా ఎవరడిగితే వారికి రాసుకుంటున్నాను.

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అంతకు కొద్దిరోజుల ముందు జరిగిన ఘోరానికి రాష్ట్రమంతా రగిలిపోతోంది. ఆ ఉదయం వంతెన మీద జనం చేరి పోలీసుల మీద పూలు చల్లారు. నేను టీవీ ముందు కూర్చుని వార్త రాసుకుంటున్నాను. పూలు, కేకలు, జేజేలు. నాకు మాత్రం పటమట గదిలో ఈల వినిపించింది. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తన నివేదికలో పోలీసుల కథనం నమ్మదగ్గది కాదనీ, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ చెప్పింది. ఆ నివేదిక వచ్చిన రోజు పూలు చల్లడానికి గాని రాళ్ళు వేయడానికి గాని ఎవరూ రాలేదు.

దీనికి సినిమాని బోనెక్కించాలా? నాకలా అనిపించదు. ఎన్‌కౌంటరన్న మాట తెలుగునాట వర్మ సినిమాలకు ముందే ఇంటింటికీ తెలుసు. పైగా ఆ సినిమా చివరిదాకా చూస్తే సాధూ అగాషేకి మిగిలిందేమిటి? ఇల్లు లేదు, కొలువు లేదు, దేశం కూడా లేదు. అయితే మేమూ చివరిదాకానే చూశాం. గుర్తుపెట్టుకున్నది మాత్రం మొదటి డిస్కు!

ఈ మాటే మొన్నీమధ్య మా ఎస్.ఐ. మిత్రుడితో అన్నాను. వాడు నవ్వలేదు.

"ఒరేయ్, నేను ఆ సినిమా ఇప్పటికీ చూస్తుంటాను. నైట్ డ్యూటీలో, ఫోన్లో," అన్నాడు.

"కాల్పుల కోసమా?"

"కాదెహె. స్టేషన్లో వాళ్ళు టీ తాగుతూ ఒకడి మీద ఒకడు చాడీలు చెప్పుకుంటారు చూడు, దానికోసం. అచ్చం మా స్టేషనే. కానీ పూర్తిగా చూడను."

"ఏం?"

"రేవతి ఉన్నంతవరకే చూస్తాను. తర్వాత ఆపేసి ఇంటికి ఫోన్ చేస్తాను."